అమ్మమ్మ షాట్

శనివారం పొద్దున్న ఏడింటికి నా ఫోను మోగేది. పండగైనా, మంచు పడినా, ముందురోజు రాత్రి ఎవరింట్లోనో కబుర్లు చెప్పుకుని రెండింటికి పడుకున్నా సరే, ఏడింటికి మోగాల్సిందే.

"తమ్ముడూ, లేచావా? జిమ్ము తలుపులు తీశారంట. పాపం బంతి ఒక్కతే కూచుని ఏడుస్తోంది."

అన్న పోయి ఏడాది దాటింది. ఇప్పటికీ శనివారం ఏడింటికి మెలకువ వచ్చేస్తుంది. ఫోను వంక చూస్తాను. తర్వాత గుర్తొస్తుంది.

అతను నా సొంత అన్న కాదు. అతనిది గుంటూరు, మాది ఖమ్మం. నాకంటే మూడేళ్ళు పెద్ద. ఇక్కడ మా గుంపులో చాలామందికి అతను అన్నే, వాళ్ళావిడ వదినే. పేరు రాయడం ఇంట్లోవాళ్ళకి ఇష్టం ఉండకపోవచ్చు కాబట్టి రాయడం లేదు. రాసినా మా జిమ్ములో సగం మందికి ఆ పేరు తెలియదు. వాళ్ళకి అతను 'గ్రానీ'. అంటే అమ్మమ్మ. ఆ పేరెందుకొచ్చిందో చెప్పడానికే ఇది మొదలుపెట్టాను.

హార్ట్‌ఫర్డ్‌ని ఇన్సూరెన్సు కంపెనీల ఊరంటారు. కనెక్టికట్ రాష్ట్రంలో ఈ మూలకి మనవాళ్ళు చేరింది కూడా ఎక్కువగా ఆ కంపెనీల కంప్యూటర్ పనుల కోసమే. నేనూ అలాగే ఒక డిసెంబరులో వచ్చిపడ్డాను. సాయంత్రం నాలుగున్నరకే చీకటి. తెలిసినవాళ్ళు లేరు. ఆఫీసు క్యాంటీన్లో మైక్రోవేవ్ ముందు నిలబడి, నా డబ్బాలో చేపల పులుసు వాసన ఎవరికి కొడుతుందో అని బిక్కుబిక్కుమంటూ ఉంటే, వెనకనించి తెలుగు వినిపించింది.

"ఎంత ఎత్తు నువ్వు?"

ఇదేం పలకరింపు అనుకుంటూనే "అయిదడుగుల పదకొండు" అన్నాను.

"మనవాళ్ళలో ఇంత పొడుగు దొరకడమే కష్టం. దాన్ని కుర్చీలో కూచోబెట్టి వృథా చేస్తున్నావు. శనివారం బాస్కెట్‌బాల్‌కి రా. ఆ పులుసు ఎవరు చేశారు? నువ్వేనా? ఒక ముక్క ఇటు వెయ్యి."

అతనేమో అయిదడుగుల ఆరంగుళాలు. కొంచెం పొట్ట. ఆటగాడంటే ఎవరూ నమ్మరు.

శనివారం వెళ్ళాను. మా కమ్యూనిటీ సెంటర్ జిమ్ముకి వచ్చేవాళ్ళు రకరకాల మనుషులు. స్కూలు బస్సు నడిపే ఆయన ఒకరు, జమైకానించి వచ్చిన ఎలక్ట్రీషియన్ ఒకాయన, ప్యూర్టో రికో మంగలి ఒకతను, నలుగురు కాలేజీ కుర్రాళ్ళు. రిఫరీ ఉండడు. ఎవరైనా గట్టిగా గుద్దితే ఫౌల్ ఒప్పుకోవాలి, తగిలినవాడు గీత దగ్గర నిలబడి రెండు ఫ్రీ త్రోలు వేసుకోవాలి. అది వాళ్ళు పెట్టుకున్న నియమం. బాస్కెట్‌బాల్ ఆడనివాళ్ళ కోసం చెప్తున్నాను. ఫ్రీ త్రో గీత బోర్డుకి 15 అడుగుల దూరంలో ఉంటుంది, రింగు నేలకి 10 అడుగుల ఎత్తున ఉంటుంది. అడ్డం ఎవరూ రారు. అందరూ ఆగిపోయి నిన్నే చూస్తుంటారు. అందుకే అది కష్టం.

ఆ రోజు అన్నని ఎవరో తోసేశారు. గీత దగ్గరికి వెళ్ళాడు. కాళ్ళు ఎడంగా పెట్టి, బంతిని రెండు చేతుల్తో పట్టుకుని, మోకాళ్ళ మధ్యకి దించి, బావిలోంచి చేద పైకి లాగినట్టు కిందనించి పైకి ఊపి వదిలాడు. జిమ్మంతా గొల్లుమంది. "గ్రానీ!" అని అరిచాడు ఎలక్ట్రీషియన్. బంతి మెల్లగా పైకి లేచి, రింగు అంచు కూడా తాకకుండా వలలోంచి జారింది. రెండోదీ అంతే. అన్న నాలుగు దిక్కులకీ తిరిగి నాటకాల్లో రాజుగారిలా వంగి దండం పెట్టాడు. ఇంకా నవ్వారు.

నిజం చెప్పాలి. నాకు ఆ రోజు సిగ్గేసింది. మన ఉచ్చారణ చూసి నవ్వుతారేమో, మన తిండి చూసి ముక్కు మూసుకుంటారేమో అని అప్పటికే భయంభయంగా బతుకుతున్నాను. ఇతనేమిటి, కోరి నవ్వించుకుంటున్నాడు అనిపించింది. తిరిగొచ్చేటప్పుడు కార్లో అడిగాను.

"అందరిలాగా పైనించి వేయొచ్చు కదన్నా?"

"పడిందా లేదా?"

"పడింది."

"మరి నీకేంటి నొప్పి? వాళ్ళు హాయిగా నవ్వుకున్నారు. నాకు రెండు పాయింట్లొచ్చాయి. ఎవరికి నష్టం?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఆ షాటు అతనికి గుంటూరులో మిషన్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు నేర్పారట. ఆరో తరగతి పిల్లలకి పైనించి వేసేంత బలం ఉండదు కదా, అందుకని కిందనించి ఊపి వేయమనేవారట. మిగతా పిల్లలు పెద్దయ్యాక మానేశారు. అన్న మానలేదు. ఆ మాస్టారు మద్రాసులో వైఎంసీఏ వాళ్ళ వ్యాయామ కళాశాలలో చదివినాయన. 1920లో హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ పెట్టిన కాలేజీ అది.

ఇందులో ఒక తమాషా ఉంది. అన్న ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. బాస్కెట్‌బాల్ పుట్టింది మా ఊరికి అరగంట దూరంలో, స్ప్రింగ్‌ఫీల్డ్‌లో. 1891 డిసెంబరులో అక్కడి వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ అనే కెనడా మాస్టారికి ఒక చిక్కొచ్చింది. బయట చలి, లోపల విసుగెత్తిపోయిన కుర్రాళ్ళు. ఏదో ఒక కొత్త ఆట కావాలి. పీచ్ పళ్ళ బుట్టలు రెండు తెప్పించి, జిమ్ములో బాల్కనీ కటకటాలకి కొట్టించాడు. ఆ బాల్కనీ 10 అడుగుల ఎత్తుంది. అందుకే ఈ రోజుకీ రింగు ఎత్తు 10 అడుగులే. బుట్టలకి అడుగు తీయలేదు కాబట్టి బంతి పడ్డప్పుడల్లా ఎవరో ఎక్కి తియ్యాల్సి వచ్చేది. "చూడు తమ్ముడూ, ఇక్కడ పుట్టిన ఆట వైఎంసీఏ చెయ్యి పట్టుకుని మద్రాసు వెళ్ళింది, మద్రాసునించి మా మాస్టారి సంచిలో గుంటూరొచ్చింది. నేను దాన్ని జాగ్రత్తగా పుట్టింటికి తీసుకొచ్చాను. వీళ్ళేమో పోల్చుకోలేక అమ్మమ్మంటున్నారు" అనేవాడు.

తొలిరోజుల్లో చాలామంది ఫ్రీ త్రోలు అలాగే వేసేవారు. తర్వాత కూడా రిక్ బ్యారీ అనే ఆటగాడు ఆఖరిదాకా కిందనించే వేశాడు. పదికి దాదాపు తొమ్మిది పడేవి. రెండు చేతులూ ఒకేలా కదులుతాయి, బంతి ఎత్తునించి మెత్తగా దిగుతుంది, అంచుకి తగిలినా ఎగిరిపోదు. విల్ట్ చాంబర్లేన్ కథ అన్నకి ఇంకా ఇష్టం. ఏడడుగుల పైన ఒక అంగుళం మనిషి. ఫ్రీ త్రోలు మాత్రం అతని బలహీనత. ఒక సీజన్‌లో కిందనించి వేయడం మొదలుపెట్టాడు. 1962 మార్చి 2న హెర్షీ అనే ఊళ్ళో ఒక్కడే 100 పాయింట్లు కొట్టాడు. ఆ రికార్డు ఇప్పటికీ అలాగే ఉంది. ఆ రోజు 32 ఫ్రీ త్రోలకి 28 పడ్డాయి. అయినా తర్వాత ఆ పద్ధతి మానేశాడు. ఆడపిల్లలా కనిపిస్తున్నానని సిగ్గుపడ్డానని ఆత్మకథలో తనే ఒప్పుకున్నాడు. మళ్ళీ పాత కష్టాలే.

"ఏడడుగుల మొనగాడికి సిగ్గేసింది. అయిదున్నర అడుగుల నాకు వెయ్యలేదు. కాబట్టి ఎవరు పొడుగు?" ఇది అన్న ప్రశ్న. జవాబు కోసం ఆగేవాడు కాదు, తనే ముందు నవ్వేసేవాడు. ఆ నవ్వు కొంచెం వింతగా ఉండేది. ముందు శబ్దం ఉండదు. భుజాలు కదులుతాయి. తర్వాత ఎక్కడో లోపల్నించి ఈల వేసినట్టు మొదలై, ఒక్కసారిగా బయటికొస్తుంది.

వాళ్ళింటి డ్రైవ్‌వేలో గరాజు పక్కన ఒక బాస్కెట్‌బాల్ స్తంభం ఉంది. కూతురు పుట్టిన ఏడాది పాతించాడు. పిల్ల పాకుతున్నప్పుడే గీత గీసేశాడు. మంచు పడితే అందరం ముందు కారు దారి ఊడ్చుకుంటాం. అన్న ముందు ఫ్రీ త్రో గీత దాకా ఊడ్చేవాడు, మిగతాది తర్వాత. "ఆఫీసుకెలా వెళ్తారు?" అని వదిన కిటికీలోంచి అరిచేది. ఎక్కాలు ఆ డ్రైవ్‌వేలోనే నేర్పాడు. ఏడో ఎక్కం తప్పులేకుండా చెప్తే ఒక షాటు. కూతురికి ఇప్పుడు ఇరవై. లెక్కల్లో చదువుతోంది. ఇప్పటికీ ఏడో ఎక్కం చెప్పేటప్పుడు తనకు తెలియకుండా మోకాళ్ళు వంగుతాయట.

కొడుకు వేరు. తండ్రంటే ప్రాణం, కానీ మొహమాటస్థుడు. వాడి ఎనిమిదో తరగతిలో స్కూలువాళ్ళు చందాల కోసం తండ్రులకీ కొడుకులకీ ఒక ఆట పెట్టారు. ముందురోజు రాత్రి వాడు తండ్రి దగ్గరికొచ్చి, తల వంచుకుని, "నాన్నా, రేపు ఆ షాట్ వేయొద్దు, ప్లీజ్" అన్నాడట.

ఆ ఆటకి నేనూ వెళ్ళాను. అన్నకి రెండు ఫ్రీ త్రోలు వచ్చాయి. గీత దగ్గర బంతి పట్టుకుని ఒక్క క్షణం ఆగాడు. తర్వాత అందరిలాగా తలమీదనించి వేశాడు. ఒకటి బోర్డుకి కొట్టుకుంది. రెండోది రింగు దాకా కూడా వెళ్ళలేదు. ఎవరూ నవ్వలేదు. ఇన్నేళ్ళలో అతను గీత దగ్గర నిలబడితే ఎవరూ నవ్వకపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

బయటికొచ్చాక అడిగాను. "వాడడిగాడు తమ్ముడూ" అన్నాడు. "నవ్వు పడాల్సింది నామీద. వాడిమీద కాదు." అంతే. ఐస్‌క్రీమ్ కొనిపెట్టడానికి పిల్లల్ని వెంటేసుకుని వెళ్ళిపోయాడు.

ఇక రాయడం కష్టమైన భాగం.

అతను పోవడానికి మూడు వారాల ముందు, ఒక శనివారం మధ్యలో ఆట ఆపి పక్కకొచ్చాడు. ఎడమ భుజం, దవడ రుద్దుకుంటున్నాడు. "ఏంటన్నా?" అన్నాను. "అమ్మమ్మని కదా, వయసైపోతోంది. కాస్త జండూబామ్ రాయండర్రా" అన్నాడు. అందరం నవ్వాం. నేను అందరికంటే గట్టిగా నవ్వాను. పది నిమిషాల్లో మళ్ళీ ఆటలోకి వెళ్ళాడు.

వాళ్ళ నాన్నగారు 52 ఏళ్ళకి గుండెపోటుతో పోయారని నాకు తెలుసు. మనలాంటి దక్షిణాసియా వాళ్ళకి గుండె జబ్బు తొందరగా వస్తుందని, సన్నగా ఉన్నా వస్తుందని తెలుసు. ఇక్కడి డాక్టర్ల 2018 కొలెస్టరాల్ మార్గదర్శకాల్లో మన పుట్టుకనే ఒక ముప్పుగా లెక్క రాశారని కూడా ఎక్కడో చదివాను. దవడ నొప్పి, భుజం నొప్పి దేనికి గుర్తో పదో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు. ఇవన్నీ వేరే ఎవరి గురించైనా అయితే ఒకదానికొకటి అతికి ఉండేవి. అన్న విషయంలో అతకలేదు. అతను జోకు వేశాడు కాబట్టి.

ఆలోచిస్తే, మేమెవరం అతన్ని "ఎలా ఉన్నావు" అని అడిగి జవాబు కోసం ఆగలేదు. ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషిని ఏం అడుగుతాం? నవ్వే జవాబనుకున్నాం. డాక్టరు ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోమని వేసవిలోనే రాసిచ్చిన కాగితం, తర్వాత వదినకి అతని బల్ల సొరుగులో దొరికింది. వెనకవైపు శనివారం జట్ల జాబితా రాసి ఉంది.

అది అక్టోబరు. బయట ఆకులు పూర్తిగా ఎర్రబడ్డాయి. మూడో ఆట మొదలవుతోంది. "తమ్ముడూ, ఇది నువ్వాడు, నేను చూస్తా" అని బెంచీమీద కూచున్నాడు. నేను ఆడుతున్నాను. బంతి చప్పుడు తప్ప ఇంకేం వినలేదు. ఎవరో అరిచారు. తిరిగి చూసేసరికి నేలమీద ఉన్నాడు.

ఛాతీమీద ఒత్తింది కాలేజీ కుర్రాడొకడు. గోడకున్న గుండె షాక్ పెట్టె పరుగెత్తి తెచ్చింది బస్సు డ్రైవరు. అంబులెన్సుకి ఫోను చేసింది మంగలి. నేను? నేను అన్న కళ్ళద్దాలు పట్టుకుని నిలబడ్డాను. ఏం చెయ్యాలో తెలియలేదు. వాళ్ళు చెయ్యాల్సినవన్నీ చేశారు. ఆస్పత్రిలోనూ చేశారు. మధ్యాహ్నం పన్నెండు లోపే అయిపోయింది. 48 ఏళ్ళు.

పీట్ మారవిచ్ అనే గొప్ప ఆటగాడు 1988 జనవరిలో ఇలాగే సరదా ఆట ఆడుతూ కుప్పకూలాడు, 40 ఏళ్ళకే. పుట్టుకతోనే గుండెలో ఒక ముఖ్యమైన రక్తనాళం లేదని తర్వాత తెలిసింది. ఆ సంగతి నాకు చెప్పింది అన్నే. "ఆడుతూ పోవడం, ఎంత అదృష్టం!" అన్నాడు అప్పుడు. అంత్యక్రియలకొచ్చిన పెద్దాయన ఒకరు సరిగ్గా అదే మాట వదినతో అన్నారు, ఇష్టమైన ఆట ఆడుతూ పోయాడమ్మా, అదృష్టవంతుడు అని. వదిన తలెత్తి, "ఆయన అదృష్టవంతుడే అంకుల్. అందులో మాకు వాటా రాలేదు" అంది. అన్న పక్కనుంటే ఆ మాటకి ముందు భుజాలు కదిలేవి.

నెల తర్వాత మా శనివారం జట్టు మొత్తం అదే జిమ్ములో సీపీఆర్ నేర్చుకున్నాం. కనీసం రెండంగుళాల లోతు ఒత్తాలి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. షాక్ ఆలస్యమైన ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుందని చెప్పారు. రబ్బరు బొమ్మమీద నేను ఒత్తుతుంటే చేతులు వణికాయి. నేర్పే అమ్మాయి "గట్టిగా, ఇంకా గట్టిగా" అంటోంది. ఎలక్ట్రీషియన్ నా భుజంమీద చెయ్యి వేసి, "గ్రానీ ఉంటే ఈ బొమ్మని నవ్వించేవాడు" అన్నాడు. ఇద్దరం బయటికెళ్ళి కాసేపు నిలబడ్డాం.

నేను ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకున్నాను. మా గుంపులో ఇంకో ఆరుగురు చేయించుకున్నారు. ఒకరికి స్టెంట్ పడింది. అతను బాగున్నాడు. ఈ మాట వదినతో చెప్పాలా వద్దా అని వారం ఆలోచించి చెప్పాను. "మంచిదైంది" అంది. చాలాసేపటి తర్వాత మళ్ళీ, "నిజంగానే మంచిదైంది" అంది.

ఈ మధ్య ఒక సాయంత్రం వాళ్ళింటికి వెళ్తే, డ్రైవ్‌వేలో కొడుకు ఒక్కడే ఉన్నాడు. పదహారేళ్ళొచ్చాయి, నా అంత అయ్యాడు. మోకాళ్ళు వంచి, బంతిని కిందనించి ఊపి వేస్తున్నాడు. ఒకటీ పడటం లేదు. నన్ను చూసి ఆపాడు.

"బాబాయ్, నాన్న బంతి వదిలేటప్పుడు మణికట్లు లోపలికి తిప్పేవారా, బయటికా?"

పదిహేనేళ్ళు ప్రతి శనివారం చూశాను. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. అతను బంతి వదిలే ఆ క్షణానికి మేమంతా అప్పటికే నవ్వుతూ ఉండేవాళ్ళం.

"వీడియోలున్నాయి, చూద్దాం ఉండు" అన్నాను. గరాజు గడపమీద కూచుని నా ఫోనులో వెతికాం. నాలుగు దొరికాయి. నాలుగూ నేను తీసినవే. ప్రతిదాంట్లో అన్న మోకాళ్ళు వంచడం దాకా బాగానే ఉంది. అక్కడినించి ఫోను ఊగిపోతుంది. జిమ్ము కప్పు, లైట్లు, ఎవరివో బూట్లు. నా నవ్వు. దానివెనక, కొంచెం ఆలస్యంగా, ఈల వేసినట్టు మొదలయ్యే అతని నవ్వు.

మణికట్లు ఎటు తిప్పాడో ఒక్కదాంట్లోనూ లేదు.

వాడు మూడో వీడియో మళ్ళీ పెట్టమన్నాడు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని విన్నాడు. "ఆ రోజు నేనలా అడక్కుండా ఉండాల్సింది బాబాయ్" అన్నాడు. ఏ రోజో నేను అడగలేదు.

"మీ నాన్న నీమీద ఒక్క నవ్వు కూడా పడనివ్వకూడదనుకున్నాడ్రా. అంతే. ఆయనకి బాధేం లేదు" అన్నాను. అన్నాక, అది నాకు నిజంగా తెలుసా అని అనుమానమొచ్చింది. అది కూడా నేను అడగలేదు కదా. అందుకని, "ఎలా ఉన్నావు నువ్వు?" అన్నాను.

"ఫైన్" అన్నాడు.

నేను లేవలేదు. గడపమీదే కూచున్నాను. చీకటి పడుతోంది, గరాజు లైటు దానంతటదే వెలిగింది. కొంచెంసేపయ్యాక వాడు మాట్లాడటం మొదలుపెట్టాడు. వదిన అన్నానికి రెండుసార్లు పిలిచింది. ఇద్దరం వెళ్ళలేదు.